రౌజ్ అంటే ఏందబ్బా?

ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో వెర్బల్ బిట్లు చేసినవాళ్లకి ఈ నాలుగు మాటలూ బాగా తెలుసు: రైజ్, రెయిజ్, రౌజ్, అరౌజ్. ఖాళీలో ఏది సరిపోతుందో దానికి టిక్కు పెట్టాలి. సూర్యుడైతే రైజ్, చెయ్యెత్తితే రెయిజ్, అనుమానం కలిగితే అరౌజ్. అరౌజ్ అనగానే వెనక బెంచీల్లో ఒక నవ్వు, సార్ గబగబా తర్వాతి బిట్టుకి. రౌజ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అంటే లేపడం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

బిట్టుకి మార్కు వచ్చింది గానీ నాకు తృప్తి కలగలేదు. మన క్లబ్బులో అనువాదాలు చూసే పని నాకు తగిలించారు కదా. "రౌజింగ్ స్పీచ్" అని వస్తే "లేపే ఉపన్యాసం" అని రాయలేం. పైగా హాస్టల్లో లేపెయ్యడం అంటే ఏంటో అందరికీ తెలుసు. ఆరేసిన టీషర్టు లేపేశారు, చార్జర్ లేపేశారు. సినిమాలో విలన్ "వాణ్ణి లేపెయ్" అన్నాడంటే ఆ మనిషి ఇంక నిద్ర లేచేదే ఉండదు. ఒకే క్రియ, వెనక ఒక చిన్న "వేయు" తగిలేసరికి మనిషి బతుకు తారుమారు.

సరే, కాస్త లోతుకి వెళ్దాం అని కూర్చున్నా. తెలుగులో ఇలాంటి క్రియలు జంటలుగా ఉంటాయి. లేచు, లేపు. ఆగు, ఆపు. రేగు, రేపు. కదులు, కదుపు. మేలుకొను, మేలుకొలుపు. మొదటిది తనంతట తాను జరిగేది, రెండోది ఇంకొకరు జరిపించేది. దుమ్ము రేగింది అంటే గాలి పని. దుమ్ము రేపాడు అంటే హీరో పని. ఈ "రేపు" ఇంకో తమాషా కూడా చేస్తుంది. మనం అసైన్‌మెంట్లు వాయిదా వేసే "రేపు" అచ్చం ఇలాగే ఉంటుంది. పాత తెలుగులో రేపు అంటే తెల్లవారుజామే, రేపకడ అనే మాట కూడా ఉండేది. ఆశలు రేపేదీ రేపే, మనం పని తోసేసేదీ రేపే.

ఇంగ్లీష్‌లో వేక్ అనే మాట రెండు పనులూ చేస్తుంది. నేను లేచినా వేకే, నిన్ను లేపినా వేకే. రౌజ్ అలా కాదు. మామూలుగా దానికి రెండో మనిషి కావాలి, లేదా ఒక శబ్దమో సంఘటనో కావాలి. ఒక్కడే ఉన్నా సరే, తనని తానే ఇంకొకడిలా తట్టి లేపుకున్నట్టు చెప్తారు.

ఈ మాట పుట్టింది పడకగదిలో కాదు, వేటలో. ఇంగ్లీష్‌లో మొదట ఇది డేగలతో వేటాడేవాళ్ల మాట. డేగ ఈకలు నిక్కబొడుచుకుని ఒళ్లు విదిలించుకుంటే రౌజ్ అన్నారు. పొదలో నక్కిన జంతువుని బయటికి తరిమినా రౌజే. మనుషుల్ని నిద్ర లేపడం, కోపం తెప్పించడం, జనాన్ని కదిలించడం తర్వాత వచ్చాయి. దానికి ముందు ఒక "అ" చేర్చి అరౌజ్ చేశారు. ఇప్పుడు ఇద్దరూ పని పంచుకున్నట్టు ఉంటుంది. మనిషి మొత్తాన్ని కదిలిస్తే రౌజ్, మనిషి లోపల ఒక భావాన్ని కదిలిస్తే అరౌజ్. ఆసక్తి, అనుమానం, జాలి, ఇవన్నీ అరౌజ్ లెక్కలో పడతాయి. వెనక బెంచీ నవ్వుకి కారణమైన అర్థం వాటిలో ఒకటి, అంతే.

పుట్టుక గుర్తుంటే ఒక సంగతి అర్థమవుతుంది. పొదలోంచి జంతువుని లేపేవాడు దాని మంచికోసం లేపడు. తల్లి బిడ్డని లేపేది బిడ్డ మంచికే. ఇంగ్లీష్‌లో రెండింటికీ రౌజ్ చెల్లుతుంది. తెలుగులో చెల్లదు. మన దగ్గర మాట ఎంచుకోగానే మన అభిప్రాయం బయటపడిపోతుంది.

చూడండి. ప్రేమగా అయితే తట్టి లేపుతాం. గౌరవంగా అయితే మేల్కొలుపుతాం. కుక్కనైతే ఉసిగొల్పుతాం. మంచికైనా చెడుకైనా పురికొల్పుతాం. చెడుకే అయితే రెచ్చగొడతాం. వెనక ఉండి ఇద్దరికి తగాదా పెట్టేవాణ్ణి మా ఊరి వైపు "ఎగదోస్తాండాడు" అంటారు. సంగటి కెలుకుతాం, అదే చేత్తో ఊరుకున్నవాణ్ణి కూడా కెలుకుతాం. ఇంగ్లీష్ స్టిర్‌కి కూడా ఇలాంటి రెండు పనులే ఉన్నాయి, చిత్రంగా. గిన్నెలో గరిటె తిప్పినా అదే, గొడవ లేపినా అదే. పొయ్యిలో నిప్పైతే రాజేస్తాం. రౌజ్‌కి, రాజుకోవడానికి చుట్టరికమేమీ లేదు, చెవికి మాత్రం దగ్గరగా ఉంటాయి.

ఎలక్షన్ల టైంలో రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకే మైదానం, ఒకే మైకు, ఒకే ప్రసంగం. ఒక పేపర్లో అది "ఉత్తేజపూరిత ప్రసంగం", ఇంకో పేపర్లో "రెచ్చగొట్టే ప్రసంగం". ఇంగ్లీష్ విలేకరి రౌజింగ్ అనేసి ఎంతో కొంత తప్పించుకోవచ్చు. తెలుగు విలేకరికి ఆ వీలు లేదు. లేపినవాడు ఎవరి మంచికి లేపాడో తేల్చి చెప్పాల్సిందే.

ఇక మన ఊరి సంగతి. తిరుపతిలో లేపడం ఒక సేవ. కొండ మీద రోజూ తెల్లవారుజామున, మన హాస్టల్లో లాస్ట్ బ్యాచ్ పడుకునే టైంకి, బంగారు వాకిలి ముందు సుప్రభాతం మొదలవుతుంది. ఆ శ్లోకాలు రాసింది 15వ శతాబ్దానికి చెందిన ప్రతివాది భయంకరం అణ్ణన్. అందులో మొదటిది మాత్రం ఆయనది కాదు, వాల్మీకి రామాయణం బాలకాండలోది. విశ్వామిత్రుడు అడవిలో రాముణ్ణి నిద్ర లేపే సందర్భం. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతులో 1963లో రికార్డు వచ్చాక అది ప్రతి ఇంటికీ, ప్రతి టీకొట్టుకీ చేరింది. అర్థం తెలియకుండానే మనలో సగం మందికి బట్టీ వచ్చేసింది.

అర్థం తెలుసుకుంటే ఒకటి కనబడుతుంది. అక్కడ ఎవ్వరూ ఊరికే "లెయ్" అనరు. విశ్వామిత్రుడు ముందు తల్లి పేరు తలుస్తాడు. తెల్లవారుతోందని చెప్తాడు. చెయ్యాల్సిన పని ఉందని గుర్తు చేస్తాడు. తర్వాతి శ్లోకాల్లో పూలు విచ్చుకున్నాయి, పక్షులు కూస్తున్నాయి, ఫలానావాళ్లు వచ్చి వాకిట్లో నిలబడ్డారు అంటూ వరసగా కబుర్లు చెప్తారు. మొత్తం 29 శ్లోకాల్లోనూ సారం ఇదే: నీ కోసం జనం కాచుకుని ఉన్నారు.

అన్నమయ్య (1408–1503) మేల్కొలుపులు కూడా చాలా రాశాడు. "విన్నపాలు వినవలె" వాటిలో ఒకటి. అందులో దేవుడికి దోమతెర కూడా ఉంది! తెర పైకెత్తి బయటికి రావాలి, ఎందుకంటే వినాల్సిన విన్నపాలు ఉన్నాయి. మళ్లీ అదే సారం. లేవమనడానికి కారణం లేపేవాడి గడియారం కాదు, లేచేవాడితో ఉన్న అవసరం.

ధనుర్మాసంలో అయితే సుప్రభాతం బదులు గోదాదేవి తిరుప్పావై వినిపిస్తారు. ఆ 30 పాశురాల్లో పది పాశురాలు దేవుణ్ణి లేపేవి కావు, స్నేహితురాళ్లని లేపేవి. చలిలో పొద్దున్నే గుంపుగా బయల్దేరిన అమ్మాయిలు ఇల్లిల్లూ తిరిగి ఒక్కొక్కరినీ లేపుతారు. లేవనిదాన్ని ఎగతాళి చేస్తారు. ఒకామె విషయంలో అయితే, మీ అమ్మాయికి చెవుడా, మూగదా అని వాళ్లమ్మనే అడుగుతారు. ఎనిమిదో శతాబ్దం నాటి తమిళమని చెప్పకపోతే లేడీస్ హాస్టల్ కారిడార్ అనుకోవచ్చు. అయినా ఆ వేళాకోళం వెనక మాట ఒక్కటే. నువ్వు లేకుండా మేం పోము.

రాజుల కాలంలో పొద్దున్నే పాడి లేపేవాళ్లని వైతాళికులు అనేవాళ్లు. 1935లో ముద్దుకృష్ణ కొత్త కవుల కవితలన్నీ ఒకచోట చేర్చి ఆ సంకలనానికి ఈ పేరే పెట్టాడు. అప్పటికి లేపాల్సింది రాజుని కాదు, చదువుకునే జనాన్ని. గురజాడని నవయుగ వైతాళికుడు అనేదీ ఈ అర్థంలోనే. రౌజ్ చేసేవాడికి తెలుగులో ఉన్న పెద్ద గౌరవం ఈ మాట. ఇంగ్లీష్‌లో రౌజర్ అంటే ముందు గుర్తొచ్చేది జనాన్ని ఎగదోసేవాడే.

ఇదంతా పుస్తకాల సంగతి. నాకు ఈ తేడా బాగా తెలిసొచ్చింది మా రూంలోనే. వాణ్ణి అడిగే రాస్తున్నా, పేరు మాత్రం వద్దన్నాడు.

మా రూమ్మేట్‌ది మదనపల్లి దగ్గర ఒక పల్లె. టమోటా పండించే ఇల్లు. సెకండియర్‌లో రెండు బ్యాక్‌లాగ్‌లు పడ్డాక వాడు మెల్లగా లేవడం మానేశాడు. మొదట ఫస్టవర్ పోయింది, తర్వాత మధ్యాహ్నం దాకా, తర్వాత రోజంతా. మెస్సుకి రాడు. ఫోన్ చూడడు. గోడ వైపు తిరిగి పడుకుంటాడు, నిద్రా కాదు, మెలకువా కాదు. అలారాలు పెట్టాం. దుప్పటి లాగాం. ఫ్యాన్ ఆపాం. ఒకడు నీళ్లు కూడా చల్లాడు. లేచి కూర్చునేవాడు, మేం క్లాసుకి పోగానే మళ్లీ పడుకునేవాడు. లేపడం మా వల్ల అయింది. దాని తర్వాతి పని కాలేదు.

సంగతి వాళ్లింటికి చేరింది. వాళ్ల మామ వచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. కొన్నాళ్లు మందులు వాడాడు. ఒక్కరోజులో సర్దుకున్న వ్యవహారం కాదది, అలా చెప్తే అబద్ధం. వాడి మంచం మీద పొద్దున ఏడున్నరకి ఫోన్ మోగడం మాత్రం ఆ వారంలోనే మొదలైంది. వాళ్లమ్మ. బటన్ ఫోన్ నుంచి చేసేది, స్పీకర్ పెట్టకపోయినా రూమంతా వినబడేది.

"అబ్బోడా, నిన్న మదనపల్లిలో టమేటా ఎంత పోయిందో చూసి చెప్పు. కోలార్లో ఎంతో కూడా చూడు. ఈపొద్దు కోయాల్నా వద్దా అని మీ నాయన అడగతాండాడు."

లెయ్ అనలేదు. క్లాసుకి పోయినావా అని అడగలేదు. బ్యాక్‌లాగ్ ఊసే లేదు. మొదటి రెండు రోజులూ వాడు పడుకునే ఫోన్‌లో చూసి గొణిగాడు. నాలుగో రోజుకి కూర్చున్నాడు. రేటు చూడటానికి కాస్త వెలుతురు కావాలని కిటికీ తీశాడు. తర్వాత ఒక నోట్‌బుక్కులో రాయడం మొదలుపెట్టాడు: తేదీ, మదనపల్లి, పలమనేరు, కోలారు. మదనపల్లిలో పడిపోయి కోలారులో నిలబడిన రోజు వాడే ఇంటికి ఎదురు ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆ రేట్ల మీదే మినీ ప్రాజెక్ట్ చేస్తున్నాడు. ఒక బ్యాక్‌లాగ్ పోయింది, ఇంకోటి ఉంది.

మొన్న సెలవల్లో వాడితో వాళ్ల ఊరికి పోయా. తిరుపతి నుంచి బస్సులో భాకరాపేట ఘాటు, పీలేరు, వాయల్పాడు మీదుగా మూడు గంటల పైనే ప్రయాణం. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఉంటే వాళ్లమ్మకి ఫోన్ వచ్చింది. మండీ ఆయన. నిన్నటి రేట్లు వరసగా చెప్పాడు. రోజూ చెప్తాడంట, ఏళ్లుగా. వాడు లోపల ఉన్నాడు. నేను ఆమె వైపు చూశా.

"మరి వాడు లెయ్యాల గదా నాయనా," అని చీపురు తీసుకుని లేచి పోయింది.

సుప్రభాతం అర్థం ఆమె ఎప్పుడైనా చదివిందో లేదో నాకు తెలియదు. పద్ధతి మాత్రం అదే. నీతో పని ఉంది, నీ కోసం కాచుకుని ఉన్నాం. ట్రైనర్ చెప్పిన "లేపడం" మేం చేశాం. ఆమె చేసిందాన్ని మేల్కొలుపు అనాలి.

అదే మదనపల్లిలో మన మాటకి ఇంకో చరిత్ర కూడా ఉంది. అందుకే వాడు నన్ను బీటీ కాలేజీకి తీసుకెళ్లాడు. బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ. అనీ బిసెంట్ 1915లో పెట్టింది. 1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్ విశ్రాంతికని ఇక్కడికి వచ్చాడు. ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి. ఒక సాయంత్రం విద్యార్థుల మధ్య ఠాగూర్ తన బెంగాలీ పాట "జన గణ మన" పాడాడు. ప్రిన్సిపల్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్నావిడ, దాని వరసలు స్వరాల్లో రాసుకుంది. ఫిబ్రవరి 28న ఠాగూర్ స్వయంగా దాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చాడు. దానికి పెట్టిన పేరు "మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా". అంటే మన లెక్కలో మేల్కొలుపే.

ఆ పాట బడిలో రోజూ పాడాం కాబట్టి "జాగే" అనే మాట అందరికీ గుర్తుండే ఉంటుంది. అది లేపడం కాదు, లేవడం. బెంగాలీలో ఆ శుభనామం వినబడే వేళ దేశం తనంతట తాను మేలుకుంటుంది. ఇంగ్లీష్‌కి వచ్చేసరికి ఠాగూర్ వాక్యాన్ని తిప్పేశాడు. అక్కడ కర్త జనం కాదు, నామం. ఆ నామం జనం గుండెల్ని మేల్కొలుపుతుంది. అందుకు ఆయన ఎంచుకున్న క్రియ రౌజ్. మన వెర్బల్ బిట్టులోని రౌజ్! ఒక్క మనిషే, రెండు భాషల్లో, ఒక చోట లేచు, ఇంకో చోట లేపు. నోబెల్ వచ్చిన కవికే రెండూ కావాల్సి వచ్చాయి.

ఆ గుండెల వరసలో మొదటి పేరు పంజాబు. మదనపల్లిలో ఆ అనువాదం జరిగి నెలన్నర కూడా తిరక్కముందే, ఏప్రిల్ 13న, అమృత్‌సర్ జలియన్‌వాలా బాగ్‌లో డయ్యర్ కాల్పులు జరిపించాడు. పాలకుల కళ్లకి ఆ జనం ఎవరో రెచ్చగొడితే వచ్చినవాళ్లు. జనం లెక్కలో వాళ్లు మేలుకున్నవాళ్లు. ఆ రెండు తెలుగు మాటల మధ్య దూరం ఎంతో అక్కడ తెలుస్తుంది. ఠాగూర్ మే నెలాఖరున వైస్రాయ్‌కి ఉత్తరం రాసి తన సర్ బిరుదు వదిలేసుకున్నాడు.

"జాగే" మనకి పరాయి మాటేమీ కాదు. శ్రీకాళహస్తిలో శివరాత్రికి చేసే జాగారం ఆ ధాతువుదే. బస్సెక్కించేటప్పుడు అమ్మ చెప్పే "జాగ్రత్త నాయనా" కూడా ఆ ధాతువుదే. అసలు అర్థంలో చూస్తే, మెలకువగా ఉండు అని. ఇంట్లోవాళ్లు రోజుకి నాలుగుసార్లు మనల్ని రౌజ్ చేస్తూనే ఉన్నారు, మనం దాన్ని ఫోన్ పెట్టేసే ముందు మాట అనుకుంటున్నాం.

ఇంతకీ రౌజ్‌కి తెలుగు ఏంటి? ఒక్క మాట లేదు. అనువాదం చేసేటప్పుడు నేను ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటున్నా. ఎవరు లేపుతున్నారు? ఎవర్ని? లేచినవాడితో వాళ్లకేం పని? మూడోదానికి జవాబు దొరికితే మాట దానంతట అదే వస్తుంది. వేటగాడైతే ఒక మాట, లీడరైతే ఒక మాట, గోదాదేవి నేస్తాలైతే ఇంకో మాట.

ఈ జాబితా పూర్తి కాలేదు. కుప్పం వైపువాళ్లు, సత్యవేడు వైపువాళ్లు, పుంగనూరు వైపువాళ్లు మన క్లాసుల్లోనే ఉన్నారు. మీ ఇళ్లలో పొద్దున్నే ఏమని లేపుతారో, కోపంలో ఏమంటారో, ఊళ్లో తగాదా పెట్టేవాణ్ణి ఏమంటారో రాసి క్లబ్బుకి పంపండి. వచ్చే సంచికలో అన్నీ ఒకచోట వేద్దాం. రేపు పంపుతాం అనొద్దు. ఆ మాట సంగతి పైన చెప్పేశా.